గురువారం అయస్కాంతం

కళ్ళజోళ్ళాయన తన దుకాణం తలుపుకి లోపల గడియ పెట్టాడు. గిటారును ఒళ్ళో పడుకోబెట్టుకుని, కళ్ళజోళ్ళ ఫ్రేములు మెత్తబరిచే హీటరు ఆన్ చేశాడు. తీగల కింద ఉండి, వాటి మోతను స్పీకరుకి అందించే పికప్ మీదికి ఇరవై నిమిషాలు వేడిగాలి పట్టించాడు. మధ్యలో రెండుసార్లు చెయ్యి చురుక్కుమంది. ఓర్చుకున్నాడు.

ఆ తర్వాత పికప్ మీద చిన్న మేకు పెట్టి గిటారును వంచాడు. మేకు జారి కింద పడింది. లోపలి అయస్కాంతాల్లో బలం పోయిందన్నమాట. కళ్ళజోళ్ళాయనకు ప్రాణం లేచొచ్చింది.

మనిషికి పిచ్చేమీ లేదు. వచ్చే గురువారం రిపేరు షాపుకి వెళ్ళడానికి ఒక కారణం కావాలి, అంతే.

అసలు ఈ గిటారు ఆయన స్నేహితుడిది. ఆ స్నేహితుడి వంటింట్లో మంటలు లేచినప్పుడు ఒక పక్క మాడిపోయింది. చవగ్గా వస్తోంది కదా అని ఈయన తీసుకున్నాడు. తీరా చూస్తే ఎంత గట్టిగా మీటినా స్పీకర్లోంచి దోమ మూలిగినట్టు వచ్చేది. రెండు వీధుల అవతల రిపేరు షాపు ఉందంటే పట్టుకెళ్ళాడు. ఆ షాపు నడిపే ఆవిణ్ణి చుట్టుపక్కలంతా గిటారమ్మ అంటారు.

మంటల వేడికి అయస్కాంతాలు నీరసించాయని చూడగానే చెప్పింది గిటారమ్మ. పికప్ ఊడదీసింది. బల్లకు బిగించిన రెండు పెద్ద అయస్కాంతాల మధ్య నుంచి దాన్ని ఒక్కసారి లాగింది. మేకు పెడితే టక్కున అతుక్కుంది. ఈయన చూపులు కూడా ఆవిడ మీద అలాగే అతుక్కున్నాయి.

పని గంటలో అయిపోయింది. అదే వచ్చిన చిక్కు. బాగైపోయిన గిటారు పట్టుకుని మళ్ళీ ఏ ముఖం పెట్టుకుని వెళ్తాడు? అప్పుడు తట్టింది. వేడికి అయస్కాంతం పోతుందని ఆవిడే చెప్పింది. హీటరేమో తన దుకాణంలోనే ఉంది!

అలా తొమ్మిది గురువారాలు గడిచాయి. మధ్యాహ్నం షాపుకి వెళ్ళడం, గిటారు బాగు చేయించుకోవడం, సాయంత్రమే దుకాణానికొచ్చి హీటరు పెట్టడం. మధ్యలో వాయించే ముచ్చటే లేదు. ఆయనకు వచ్చిందల్లా ఒక పాట, అదీ సగమే.

వారానికో సాకు చెప్పేవాడు. ఎండలో కారులో వదిలేశానన్నాడు. ఆయనకు కారు లేదు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టానన్నాడు. ఆరోవారం ఏమీ తోచక, మా అక్క పొరపాటున ఓవెన్లో పెట్టిందన్నాడు. ఆ మాట ఎలా చేరిందో అక్క చెవిన పడింది.

"గిటారును ఓవెన్లో పెట్టేంత తిక్కదాన్నిట్రా నేను? వెళ్ళి ఆ అమ్మాయికి ఉన్నమాట చెప్పు. నీవల్ల కాకపోతే నేనే వెళ్తా."

గిటారమ్మ మాత్రం ఏ సాకు చెప్పినా తల ఊపుతూ వినేది. రిపేరయ్యాక ఒకసారి వాయించి వినిపించేది. ఆ పైన, వేలిముద్రలు పడ్డాయి తుడిచిస్తానంటూ లోపలి గదిలోకి తీసుకెళ్ళి పది నిమిషాలకు తెచ్చేది. ఎంత శ్రద్ధో అని ఈయన మురిసిపోయేవాడు.

ఉన్నమాట చెప్పేద్దామనే ఆయనకూ ఉంది. కానీ షాపు గోడకు ఒక బోర్డు వేలాడుతూ ఉంటుంది. 'దెబ్బ ఎలా తగిలిందో నిజం చెప్పనివారి వాయిద్యం ముట్టుకోము' అని. ఊరికే పెట్టిన బోర్డు కాదు. గిటారులో నీళ్ళు వాటంతటవే చేరాయన్న ఒకాయన్ని గిటారమ్మ మర్యాదగా మెట్లు దింపడం కళ్ళారా చూశాడు. తననూ అలాగే దింపేస్తే? ఆవిడ ముఖం చూడకుండా వారాలు గడపడం ఇక ఆయన వల్ల కాదు. ఆ బోర్డు వైపు చూడటమే మానేశాడు.

పదో గురువారం సాయంత్రం హీటరు చిటపటమని, పొగ వదిలి ఊరుకుంది. కొత్తది రావడానికి పదిహేను రోజులు పడుతుందన్నారు. ఓవెన్ ఇమ్మని అక్కను బతిమాలాడు. అక్క గరిటె చూపించింది.

వారం తిరిగింది. వేడి తగలని గిటారుతో షాపు మెట్లెక్కాడు. అలవాటుగా మేకు కోసం సొరుగు లాగింది గిటారమ్మ.

"ఒక్క నిమిషం ఆగండి," అన్నాడు కళ్ళజోళ్ళాయన. "ఇన్ని వారాలూ దీన్ని నేనే కావాలని వేడి చేశానండీ. మిమ్మల్ని చూడ్డానికి. ఈ వారం హీటరు చెడిపోయింది. ఇవాళ మేకు అతుక్కుంటుంది. మీరు చెప్పక్కర్లేదు, నేనే మెట్లు దిగిపోతాను."

గిటారమ్మ ముఖం ఎర్రబడింది. మేకు సంగతి ఇప్పుడెందుకులెమ్మంటూ సొరుగు మూసేయబోయింది. కానీ నిజం చెప్పడం మొదలుపెట్టిన మనిషి మధ్యలో ఆగుతాడా? సొరుగులో చెయ్యి పెట్టి తనే మేకు తీసి, పికప్ మీద ఆనించి, గిటారును వంచాడు.

మేకు జారి ఠంగుమని నేల మీద పడింది.

ఆయన మేకు వైపు చూశాడు. గిటారు వైపు చూశాడు. ఈ వారం నేనేమీ చెయ్యలేదే అని గొణిగాడు.

గిటారమ్మ లేచి వెళ్ళి, గోడకున్న బోర్డును వెనక్కి తిప్పి, తల దించుకుని అంది: "మీ హీటరు వేడికి ఈ అయస్కాంతాలకు చెమట కూడా పట్టదండీ, తుడిచిస్తానని లోపలికి పట్టుకెళ్ళి వారం వారం బలం తీసేస్తున్నది నేనే."