ఊ అంటేనే పడవ కదిలేది

దూదక్క నాలుక కింద మందు చుక్కలు వేసుకుని నోరు మూసుకుంది.

సరిగ్గా అప్పుడే ముసలావిడ అదే దిండు చంకన పెట్టుకుని మళ్ళీ కొట్లోకి వచ్చింది.

వచ్చిందమ్మా మహాతల్లి, అనుకుంది దూదక్క. పైకి అనడానికి లేదు. రెండు నిమిషాలపాటు నోరు తెరవకూడదు. కుర్చీ వైపు చెయ్యి చూపించింది.

పరుపులూ దిండ్లూ కుట్టే కొట్టు అది. కిటికీలోంచి ఎండ పడితే చాలు, దూది నూగు లేచి, ఎటు పోవాలో తోచనట్టు తేలుతూ ఉంటుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ దూదక్క ఒంటికి ఆ దుమ్ము పడదు. తుమ్ములు మొదలైతే ఆగవు. పడుకుంటే గుండెల్లో పిల్లికూతలు.

"మూడేళ్ళు రోజూ ఈ చుక్కలు వేసుకో. లేదంటే ఈ పని మానుకో" అని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది.

పని మానేస్తే ఆమెకి ఇంకో పని రాదు. చుక్కలు చూస్తే, ఒకసారి మొదలుపెట్టి నెల తిరక్కుండానే వదిలేసింది. అందుకే ఈసారి డాక్టరమ్మ ఆమె ఫోన్‌లో ఒక యాప్ పెట్టించింది.

పొద్దున్నే అది మోగుతుంది. చుక్కలు వేసుకుని వేలితో నొక్కితే ఒక ఆడగొంతు కథ చెబుతుంది. మధ్యమధ్య ఆగుతుంది. వినేవాళ్ళు "ఊ" అంటేనే ముందుకు పోతుంది. మూసిన నోటితో అనగలిగింది అదొక్కటే కదా మరి. చుక్కలు నాలుక కిందే భద్రంగా ఉంటాయి.

కథలో ఒక పడవమనిషి. అవతలి ఒడ్డు నుంచి నిద్రని మూటలు కట్టి తెస్తుంటాడు. నది నిండా పొగమంచు. ఒడ్డెక్కడో కనపడదు. "ఉన్నారా?" అని కేకేస్తాడు. ఎటునుంచి ఊ వినపడితే అటు తెడ్డు వేస్తాడు.

"ఉన్నారా?" అంది ఫోన్‌లో గొంతు.

"ఊ" అంది దూదక్క. పడవ కదిలింది.

మూల కూర్చుని దూది ఏకుతున్న మొగుడు నవ్వాడు. "పెళ్ళయిన దగ్గర్నుంచీ నా కబుర్లకి ఒక్క ఊ అన్న పాపాన పోలేదు. ఫోన్‌కి మాత్రం ఎంత ముద్దుగా అంటావో."

కుర్చీలో ముసలావిడ కళ్ళు మూసుకుని ఉంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. తనలో తనే ఏదో గొణుక్కుంటోంది కాబోలు అనుకుంది దూదక్క.

ఆ పూటకి కథ ఆగింది. దూదక్క గుటక వేసింది.

"ఏం పెద్దమ్మా, మళ్ళీ ఏమొచ్చింది?"

ముసలావిడ ఎప్పుడూ మెడకి స్కార్ఫు చుట్టుకుని ఉంటుంది. ఏనాడూ మాట్లాడదు. అంతా సైగలే. దిండు మీద అరచెయ్యి పెట్టి, ఎత్తు తగ్గించమన్నట్టు చూపించింది.

"పల్చగా ఉందంటే నిన్ననేగా దూది కూరాను. ఇవాళ తీసెయ్యమంటావా?" దూదక్క దిండు లాక్కుని మొగుడి వైపు తిరిగింది. "చెవిటి మాలోకం. ఇంట్లో తోచక, ఇక్కడికొచ్చి నా ప్రాణం తోడేస్తోంది."

ముసలావిడ చిన్నగా నవ్వి వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

ఒక వానపూట కుట్టాల్సిన పరుపులు గుట్టగా పడి ఉన్నాయి. ఫోన్ మోగితే దూదక్క దాని నోరు నొక్కేసింది.

"ఇవాళ్టికి వద్దులే. కొంపలేం మునగవు."

నిన్న కూడా అదే మాట అని మానేసింది.

ముసలావిడ కుర్చీలోంచి లేచింది. అలమరలో ఉన్న మందు సీసా తీసుకొచ్చి ఆమె ముందు చాపింది.

"నా జబ్బేదో నేను పడతాను. నీకెందుకమ్మా ఈ పెత్తనం?"

ఆవిడ కదల్లేదు. సీసా ఇంకా ముందుకు చాపింది.

ఈవిడ బాధ వదిలితే చాలని దూదక్క చుక్కలు వేసుకుని ఫోన్ నొక్కింది.

"ఉన్నారా?" అంది గొంతు.

ముసలావిడ రెప్ప వెయ్యకుండా దూదక్కనే చూస్తోంది.

"ఊ."

అప్పటికి గానీ ఆవిడ కూర్చోలేదు.

ఆ తర్వాత ఆవిడ రాలేదు. దిండు అలమరలోనే ఉండిపోయింది.

దూదక్క ఇక చుక్కలు మానలేదు. పిల్లికూతలు తగ్గాయి. తెల్లవార్లూ హాయిగా నిద్రపడుతోంది. నిద్రలో కూడా పొగమంచు, తెడ్డు చప్పుడు. కథ మొదలైనప్పుడల్లా ఆమె కళ్ళు ఖాళీ కుర్చీ మీదికే పోయేవి.

ఒక పొద్దున ఎవరో నడివయసు మనిషి వచ్చాడు.

"మా అమ్మ దిండొకటి మీ దగ్గర ఉండిపోయినట్టుందండీ."

"ఆ పెద్దమ్మ కొడుకా మీరు? ఆవిడ రావట్లేదేం?"

"పోయిన వారం పోయిందండీ."

దూదక్క చేతిలో సూది ఆగిపోయింది. "అయ్యో. పాపం, మాటా లేదు, చెవులూ లేవు..."

"మాటొక్కటే లేదండీ. చెవులు మా అందరికన్నా బాగా వినపడేవి."

దూదక్క మొగుడి వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. ఆ కుర్చీ ముందు తను అన్న మాటలన్నీ దూదక్కకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సిగ్గుతో చితికిపోయింది. ఒక్క మంచి మాటైనా అనలేకపోయానే అనుకుంది.

ఫోన్ మోగింది. చుక్కలు వేసుకుని దాన్ని నొక్కింది. వచ్చినాయనకి ఆ కుర్చీయే చూపించింది.

"పొగమంచు ఇంకా విడలేదు" అంది గొంతు. "ఉన్నారా?"

కూర్చోబోతున్న మనిషి అలాగే నిలబడిపోయాడు.

"ఇది... మీరు రోజూ వింటారా అండీ?"

దూదక్క నోరు తెరవలేదు.

"ఊ" అంది.

పడవ కదిలింది.

"ఆపరేషన్‌లో గొంతు తీసేయకముందు మా అమ్మ ఈ యాప్ కోసం చెప్పిన కథండీ ఇది. ఈ గొంతు ఆవిడదే" అన్నాడతను.