రోజూ అనే మాట

కూతురికి డాక్టరు సీటొచ్చింది. ఫీజెంతో వినగానే తండ్రికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆకాశమంత భవనాలకు వేలాడుతూ అద్దాలు తుడిచే పని ఆయనది.

"మీ మేస్త్రీ కొడుకు దర్జాగా చదవట్లేదూ? వాళ్ళకెక్కడిదండీ డబ్బు?" భార్య నిలదీసింది.

"మేస్త్రీ పైనుంచి పడి చనిపోయాడు కదే! డ్యూటీలో పోతే పిల్లల చదువంతా కంపెనీదే."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఆ గదిలో ముగ్గురూ ఒకరివంక ఒకరు చూడలేదు.

మర్నాడు చెప్పులేసుకుని గుమ్మంలో ఆగాడు. "నాన్నా, తాడు గట్టిగా కట్టుకో" అని చిన్నప్పటినుంచీ కూతురు రోజూ అనేది. ఆ మాట వినందే ఆయన కాలు కదిలేది కాదు.

"వెళ్ళొస్తానమ్మా," అన్నాడు. కాసేపు చూసి మళ్ళీ అన్నాడు.

భార్య తలుపు తీసి పట్టుకుంది.

"లేటవుతోంది నాన్నా, వెళ్ళు," అంది కూతురు.