గునుగు పీకిన సారు

వానలు తగ్గి ఎండ మెత్తబడగానే, కొత్తగా రిటైరైన సైన్సు మాస్టారు దశరథానికి ఇంటి పని మీద ప్రేమ పుట్టింది. సద్దుల బతుకమ్మ ఇంకా రెండు రోజులుందనగా పెరడు శుభ్రం చేశాడు. భార్య సుగుణమ్మ బతుకమ్మ కోసం పెంచుకున్న గునుగు పూల మొక్కలన్నీ పీకి, ఉదారంగా పక్కింటి మేకలకు వేశాడు.

మర్రిగూడలో ఆ వాడకంతా ఎత్తైన బతుకమ్మ ఏటా ఆమెదే.

"ఏమయ్యా, ముప్పై ఏండ్లు పిల్లలకు చెట్ల పాఠం చెప్పినవు, గునుగు తెల్వదా నీకు?" గోడ అవతలికి వినబడేలా అడిగింది సుగుణమ్మ.

"గడ్డి అనుకున్న."

"నయం, తులసిని ఇడిసిపెట్టినవు! నీ అసొంటోనికి సర్కారు పింఛనిస్తాంది చూడు!"

పక్కింటామె జాలిపడింది. "ఊరి బయట మా చెల్కల మస్తుగున్నది అక్కా, కోసుకొస్త."

"వద్దు చెల్లె. ఇంటి పువ్వు లేనంక ఎత్తుగ ఎట్ల పేరుస్త? ఈసారి అరచేతంత పేరుస్త. అంత మా సారు పుణ్యం."

గోడ అవతల ఆడవాళ్లు పగలబడి నవ్వారు. దశరథం తల వంచుకుని లోపలికి నడిచాడు.

వెనకే వచ్చి తలుపు వేసిన సుగుణమ్మ మెల్లగా కూర్చుని మెడ పట్టుకుంది. నెత్తిన బరువు మోస్తే చెయ్యి పడిపోతుందని దవాఖానలో చెప్పిన సంగతి వాళ్లిద్దరికే తెలుసు.

"జర ఎక్కువ తిట్టిననా?"

"నువ్వు పీకమన్నట్టే పీకిన," అన్నాడు దశరథం, ఆమె మెడకు పట్టీ కడుతూ. "అనుకున్నట్టే తిట్టినవు. నా ముప్పై ఏండ్ల నౌకరీని తెచ్చుడు మాత్రం మనం అనుకోలే."