తొట్టికి అవతలి చివర

"లిడియా, ఎవరి దగ్గర చూసి రాసేవు?"

శ్యామ్ సుందర్ మాస్టారు అలా అడిగేసరికి తొమ్మిదో తరగతి మొత్తం చివరి బెంచీ వైపు తిరిగింది. ఆ బెంచీలో లిడియా ఒక్కతే కూర్చుంటుంది. సంవత్సరం మధ్యలో జొన్నాడ నుంచి వచ్చి చేరిన పిల్ల. అప్పటికే అందరికీ జతలు కుదిరిపోయాయి.

"నేనెవరిదీ చూడలేదండి."

"తొట్టిలో అల ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లడానికి ఎనిమిది సెకన్లు పట్టిందని అందరూ రాసేరు. నువ్వూ అదే రాసేవు. వాళ్లంటే ఇద్దరిద్దరు. ఇటు ఒకళ్లు నీళ్లు కదిపితే, అటు నించున్నవాళ్లు అల తగలగానే కేకెయ్యాలి. నువ్వొక్కదానివీ ఎలా చేసేవు?"

లిడియా తలొంచుకుంది. జత కోసం నిన్న ఒక్కొక్కళ్లనీ బతిమాలిన సంగతి ఇంతమంది ముందు చెప్పడానికి సిగ్గేసింది.

"మాది చూసేసిందండి," అంది అనిత ముందు బెంచీలోంచి.

"మాది కూడా చూసుంటదండి," అన్నాడు ఆదిత్య.

ఆయ్, ఆయ్ అంటూ మిగతావాళ్లు వంత పాడారు. నిన్న జతకి ఒక్కళ్లు దొరకలేదు గానీ, ఇవాళ సాక్ష్యానికి మాత్రం క్లాసంతా దొరికింది. లిడియాకి ఏడుపొచ్చింది. మార్కులు పోతే పోయాయి, దొంగ అన్న పేరు పడితే ఇంక ఈ బడిలో తన పక్కన ఎవరు కూర్చుంటారు?

"సరే, నా ఎదురుగా చేసి చూపించు. రాలేదో, సున్నా," అన్నారు మాస్టారు.

మధ్యాహ్న భోజనం కంచాలు కడుక్కునే సిమెంటు తొట్టి దగ్గరికి అందరూ కదిలారు. తొట్టి నాలుగు మీటర్ల పొడుగు. నీళ్లు పోయే కన్నంలో గుడ్డ కుక్కి, నిన్న పట్టినన్ని నీళ్లు పట్టారు. పిల్లలంతా మాస్టారి వెనకాల మూగారు. అవతలి చివరికి మాత్రం ఎవరూ వెళ్లలేదు.

లిడియా ఒక చేత్తో వాచీ నొక్కి, రెండో చేత్తో చెక్కముక్క పట్టుకుని నీళ్లని ఒక్కసారి నెట్టింది. అల వెళ్లి అవతలి గోడకి తగిలింది. తను వాచీ ఆపలేదు.

"అయిపోయింది కదా, ఆపదేంటి?" అని ఎవరో కిసుక్కుమన్నారు.

లిడియా చెక్క వదిలేసి వేళ్లు నీళ్లకి ఆనించింది. గోడ దగ్గర మళ్లిన అల మెల్లిగా వచ్చి ఆ వేళ్లని తాకింది. అప్పుడు ఆపింది. ఎనిమిది సెకన్లు.

"అదేంటమ్మా? వెళ్లేదాకానే కదా చూడమన్నాను?"

"ఇంత దూరం నుంచి సరిగ్గా కనపడదండి. అటు నించుని చెప్పేవాళ్లు ఎవరూ లేరండి. అందుకని నా దగ్గరికి తిరిగొచ్చేదాకా ఆగేనండి."

"రానూ పోనూ ఎనిమిదైతే, వెళ్లడానికి నాలుగే. నువ్వు రాసింది తప్పు."

లిడియా కళ్లనిండా నీళ్లు తిరిగాయి. వెనకాల నవ్వులు మొదలయ్యాయి. మాస్టారు ఆ నవ్వుల వైపు తిరిగారు.

"అవతల మనిషుంటే ఈ తప్పు రాదు. ఒక్కళ్లే చేస్తేనే వస్తుంది. మరి మీ అందరికీ ఎలా వచ్చిందర్రా?"