ఒక స్క్రూ తక్కువైంది

"ఏమప్పా, మెకానిక్కేనా? ఇప్పుడా వచ్చేది? చెప్పులు ఆడ వదిలి తొందరగా లోపలికి రా."

గిరిప్రసాద్ గుమ్మంలోనే ఆగిపోయాడు. అతను దామలచెరువులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. ఆఫీసులో కంప్యూటర్‌ని దూరం నుంచి చూడటమే గానీ దాని మూత తీసి చూసిన పాపాన పోలేదు.

ఎదురుగా ఉన్నది నవీన, ఫోటోలో చూసిన మొహమే. ఆదివారం అతను పెళ్లిచూపులకి వెళ్లాల్సింది ఆమె ఇంటికే. పెళ్లయినా సరే చిత్తూరులో తన కంప్యూటర్ సెంటర్ మూసేది లేదని ఆమె ముందుగానే కబురు పంపింది. ఆ మాటకి గిరిప్రసాద్ తల్లి మొహం ముడుచుకుంది. ఆ సెంటర్ ఏందో, ఆ పిల్ల ఎట్లాంటిదో తనే ఒకసారి చూసుకుందామని, కోర్సు వివరాలు అడిగే నెపంతో ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాడు.

"అది కాదు మేడం, నేను..."

"సాకులు తర్వాత చెబుదువులే. మధ్యాహ్నం పిల్లోళ్లకి పరీక్ష. తిరుపతి నుంచి ఎగ్జామినర్ బయల్దేరినాడు. ఈ పెద్ద మిషన్ లేస్తేనే మిగతావి లేస్తాయి. పొద్దున స్విచ్చేస్తే ఉలుకూ లేదు పలుకూ లేదు."

బల్ల మీద పాత కంప్యూటర్ పొట్ట విప్పుకుని ఉంది. గోడ పక్కన పరీక్షకి వచ్చిన ఆడపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. ఒకమ్మాయి కళ్లు అప్పటికే ఎర్రబడి ఉన్నాయి. ఆ కళ్లు చూశాక గిరిప్రసాద్‌కి తన సంగతి చెప్పబుద్ధి కాలేదు. చెప్పులు విడిచి చొక్కా చేతులు పైకి మడిచాడు.

"నాకంతగా తెలీదు మేడం. మీరు చెప్పండి, చేస్తా."

నవీన ఒక్క క్షణం అతని వంక చూసింది. "సరే. మదర్‌బోర్డు పోయింది. ఇదో సూడు, ఈ కెపాసిటర్లు తలకాయలు ఉబ్బిపోయినాయి. ఇదే రకం బోర్డు పాతదొకటి నా దగ్గరుండాది. దీన్ని తీసి దాన్ని పెట్టాల. జాగ్రత్త. ఈ మోడల్ ఇప్పుడు మద్రాసులో వెతికినా దొరకదు."

ఆమె చెప్తూ పోయింది, అతను చేస్తూ పోయాడు. వైర్లు పీకాడు. కార్డులు ఊడదీశాడు. స్క్రూడ్రైవర్‌ని మామిడికాయ కోసే కత్తిలా పట్టుకుంటే వెనక ఆడపిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అతను పట్టించుకోలేదు. ఎట్లా పట్టుకోవాలో ఆమెనే అడిగి, అట్లాగే పట్టుకున్నాడు. ప్రాసెసర్‌ని మాత్రం నవీనే తీసింది. దాన్ని రెండో బోర్డులో కూర్చోబెట్టి, ఫ్యాన్ బిగించి, బోర్డుని అతని చేతికిచ్చింది. దాన్ని డబ్బాలో సర్ది అతను స్క్రూలు బిగించాడు. వైర్లన్నీ మళ్లీ పెట్టారు.

"అయిపోయింది. ఇంక దేవుడి దయ," అంటూ నవీన స్విచ్ మీద వేలు పెట్టింది.

"ఆపండి మేడం."

అందరూ అతని వంక చూశారు. గిరిప్రసాద్ మొహాన చెమట పట్టింది. "స్క్రూ ఒకటి తక్కువైంది. బిగించేటప్పుడు చేయి జారి లోపల పడిందేమో. నేను చూసుకోలేదు."

"కింద పడుంటుందిలే అన్నా, టైమైపోతా ఉండాది," అంది కళ్లు ఎర్రబడ్డ అమ్మాయి.

"కింద వెతికినా. లేదు." అతను నవీన వైపు తిరిగాడు. "అది బోర్డు కింద ఇరుక్కొని ఉంటే ఏమవుతుంది మేడం?"

"ఉన్న ఒక్క బోర్డూ కాలిపోతుంది."

"అయితే మళ్లీ విప్పుదాం. తప్పు నాది. ఎంత తొందరగా చెయ్యమంటే అంత తొందరగా చేస్తా."

నవీన తిట్టలేదు. స్విచ్ మీద నుంచి వేలు తీసి, స్క్రూడ్రైవర్ అందించింది. బిగించినదంతా మళ్లీ విప్పారు. బోర్డు పైకెత్తగానే కింద డబ్బా రేకు మీద స్క్రూ మెరిసింది. గిరిప్రసాద్ దాన్ని రెండు వేళ్లతో తీసి అరచేతిలో పెట్టుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. ఈసారి స్క్రూలన్నీ లెక్కపెట్టుకుంటూ బిగించాడు. ఏ వైరు యాడ పెట్టాలో ఆమెని అడగకుండానే పెట్టాడు.

నవీన స్విచ్ వేసింది. ఫ్యాన్ తిరిగింది. "బీప్" మని ఒక్క కూత. తెర మీద తెల్లటి అక్షరాలు పైకి పాకాయి. ఆడపిల్లలు పరిగెత్తి తమ తమ కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. ఒకటి తర్వాత ఒకటి అన్నీ వెలిగాయి.

కాసేపటికి బయట జీపు ఆగిన చప్పుడైంది. ఎగ్జామినర్ దిగుతున్నాడు. ఇంక దాచడం బాగుండదని గిరిప్రసాద్ ఒక అడుగు ముందుకేశాడు.

"మీరు ఏమన్నా అనండి, పడతాను. నేను మెకానిక్‌ని కాదు. దామలచెరువు గిరిప్రసాద్‌ని. ఆదివారం మీ ఇంటికి రావాల్సినోణ్ణి. ముందే చెప్పాల్సింది, పిల్లోళ్ల మొహాలు చూసి ఆగిపోయినా. మా అమ్మకి మీ సెంటర్ గురించి ఏం చెప్పాల్నో నాకిప్పుడు తెలిసింది." గుమ్మం వైపు చూశాడు. "మీరు పిలిచిన మెకానిక్ ఇంకా రాలేదు. వస్తే ఆయన్నేమీ అనొద్దండి పాపం."

నవీన చేతులు గుడ్డకి తుడుచుకుంది. ఇంతసేపూ గట్టిగా పట్టి ఉంచిన పెదాల మీద నవ్వు మెల్లగా విచ్చుకుంది.

"ఆదివారం మీ అమ్మగారిని తప్పకుండా పిలుచుకోని రండి," అంది. "మెకానిక్ సంగతంటారా, మీ ఫోటో మా ఇంటికీ వచ్చింది, నేనెవర్నీ పిలవలేదు. ఈ ఊర్లో ఎవరి కంప్యూటర్ చెడిపోయినా పిలిచేది నన్నే."