నాలుగో కుర్చీ

"నేను కూర్చోను," అంది మిషను మామ్మ.

లాంచీ ఎక్కే వరుస రేవు గేటు దాటి రోడ్డు మీదికి పాకింది. కొడుకు ఎక్కణ్ణుంచో ఒక చక్రాల కుర్చీ తోసుకొచ్చి తల్లి ముందు పెట్టాడు. నడవలేనివాళ్ల కోసం రేవు వాళ్లు ఊరికే ఇచ్చే కుర్చీ అది. అందులో మనిషి ఉంటే చాలు, వరుసతో పని లేకుండా ఇంటిల్లిపాదీ ముందే ఎక్కేయొచ్చు.

మామ్మకి డెబ్బై రెండేళ్లు. ఇప్పటికీ రోజుకి నాలుగు చొక్కాలు కుడుతుంది. నలభై ఏళ్లు మిషను తొక్కిన కాళ్లు అవి. మూడంతస్తుల మెట్లెక్కి, పైన నిలబడి, ఆయాసపడుతూ వచ్చే కోడలి కోసం ఎదురుచూసే మనిషిని పట్టుకుని కుర్చీలో కూర్చోమంటున్నారు.

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అన్నట్టు కొడుకు ముందు కసిరాడు, తర్వాత బతిమాలాడు. ఈ లాంచీ తప్పితే మళ్లీ రెండు గంటలు ఆగితే గాని ఇంకోటి రాదన్నాడు. అవతలి ఒడ్డు తోటలో తామరపూలు మధ్యాహ్నానికి ముడుచుకుపోతాయనీ, వాటిని చూడాలని నెల రోజులుగా పోరుతున్నది నువ్వేననీ గుర్తు చేశాడు. కోడలు మోకాళ్ల మీద కప్పడానికి శాలువా కూడా తీసి పట్టుకుంది.

"పది నిమిషాలే అమ్మా. లాంచీ ఎక్కగానే లేద్దువుగాని."

పూల మాటకి మామ్మ మెత్తబడి కూర్చుంది. కూర్చుందే గాని తల కొట్టేసినట్టయింది. జనం పక్కకి తప్పుకుని దారిస్తుంటే ఎవరో "పాపం" అనడం చెవిన పడింది. ఇన్నేళ్లలో ఎవరిచేతా ఆ మాట అనిపించుకోలేదు ఆవిడ.

లాంచీ ముందు అప్పటికే మూడు కుర్చీలున్నాయి. మూడింట్లోనూ ముసలివాళ్లు, మూడింటి మీదా శాలువాలు. మామ్మది నాలుగోది. ఆ వెనకే ఒక పెద్దాయన్ని కుర్చీలో తోసుకుంటూ ఆయన కూతురు వచ్చింది. టికెట్లు చూసే అతను చెయ్యి అడ్డం పెట్టాడు. లాంచీలో కుర్చీలకి నాలుగే చోట్లనీ, అయిదోది తర్వాతి లాంచీకేననీ చెప్పాడు.

"నాన్నగారు అడుగు తీసి అడుగు వెయ్యలేరు బాబూ," అని కూతురు ప్రాధేయపడింది.

పెద్దాయన తల వంచుకుని తన చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాడు.

మామ్మకి ఒళ్లు మండిపోయింది. ఇంకెవరి మీదో కాదు, తన మీదే. రాయిలాంటి కాళ్లున్న తను దర్జాగా ముందెక్కి కూర్చుంటే, నడవలేని ఆ మనిషి రెండు గంటలు ఎండలో పడి ఉండాలా? శాలువా తీసి, మడతపెట్టి, కోడలి చేతిలో పెట్టి లేచి నిలబడింది.

"కూర్చో అమ్మా. అందరూ చూస్తున్నారు," అన్నాడు కొడుకు పళ్ల బిగువున.

"చూడనీ. ఈవిడకి కాళ్లున్నాయని తెలుస్తుంది, అంతేగా."

టికెట్ల అతను నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మామ్మ అతని వైపు తిరిగింది.

"నా కాళ్లకి ఏ రోగమూ లేదు బాబూ. నా చోటు ఆయనకివ్వు."

"అయితే మీరు వరుస చివరికి వెళ్లాలి. ఈ లాంచీ మీకు దొరకదు."

"దొరక్కపోతే పోనీ. ముడుచుకున్న పూలే చూస్తాను."

వరుస పొడుగునా మామ్మ వెనక్కి నడిచింది. కొందరు నవ్వారు, కొందరు గుసగుసలాడారు. ఆవిడ నిమ్మకు నీరెత్తినట్టు నడుస్తూనే ఉంది. కొడుకు మొహం మాడ్చుకుని, ఖాళీ కుర్చీ తోసుకుంటూ వెంట వచ్చాడు. కోడలు దూరంగా, తనకీ వీళ్లకీ సంబంధం లేనట్టు నడిచింది.

రోడ్డు మీద, వరుసకి అందరికంటే చివర నిలబడింది మామ్మ. లాంచీ కూత వేసింది. తనకి దక్కకపోయినా ఆ పెద్దాయనైనా విచ్చుకున్న పూలు చూస్తాడనుకుంటే మనసు తేలికపడింది.

ఇంతలో లాంచీ వైపు నుంచి ఎవరో "నాన్నా, నాన్నా" అని అరుస్తున్నారు. మామ్మ అటు చూసింది. అడుగు తీసి అడుగు వెయ్యలేని పెద్దాయన, కూతురికి అందకుండా పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వచ్చి ఆవిడ వెనక నిలబడ్డాడు.

"కాస్త ముందుకి జరగండమ్మా," అన్నాడు. "ఆ మూడు కుర్చీలవాళ్లు కూడా దిగి వస్తున్నారు."