ఇనుప పెట్టెలో ఏమున్నది

"ఆ ఇనుప పెట్టె మూత లేపి చూసేసరికి..." అని చిలుకమ్మ ఆగిపోయింది.

పక్క మంచం మీద మానస కాళ్లు కుదురుగా లేవు. సూదులున్న చెయ్యి కదపొద్దు కాబట్టి ఆ గాబరా అంతా కాళ్లలోకి దిగింది.

"చూసేసరికి? ఏమున్నది అవ్వా అండ్ల?"

"నా మిషన్ అయిపోయింది బిడ్డా. ఎల్లుండి చెప్త."

హనుమకొండలోని ఆ డయాలసిస్ గదిలో రోజు విడిచి రోజు వచ్చేవాళ్లకు మంచాలు మారవు. కిటికీ పక్కది వర్ధన్నపేట నుంచి బస్సెక్కి వచ్చే చిలుకమ్మది. తర్వాతది మానసది. ఆ అవతలిది బట్టల దుకాణం శ్యాంసుందర్‌ది. గొట్టాల్లో రక్తం పోతూ వస్తూ ఉంటే, చెయ్యి చాపుకొని పడుకున్న మనిషికి వేరే పనేముంటుంది చెప్పండి. మాటలే.

కథ మొదలైన రోజు మాత్రం మాటలు అంత మంచిగా లేవు. ఇక రానని చిలుకమ్మ సిస్టరు భవానితో తేల్చేసింది. ముసలి పాణం, తనను తీసుకొచ్చే రోజు కొడుక్కు పని పోతాంది, ఎవరి కోసం ఈ పొడిపించుకునుడు అంది. రాకుంటే మనిషివి దక్కవని భవాని బతిమాలినా వినలేదు. అంతలో పక్క మంచం మీది కొత్త పిల్ల మొహం అటు తిప్పుకొని, "నేను గూడ రాను సిస్టర్" అంది.

చిలుకమ్మ మండిపడింది. నిన్నగాక మొన్న పుట్టినదానివి, నీకేం పోయేకాలమని తిట్టింది. తిట్టినా ఆ పిల్ల ఇటు తిరగలేదు. అప్పుడు అవ్వ, మనుమడు టాకీసుకు తీసుకుపోయి చూపించిన సినిమా ఎత్తుకుంది. పెద్ద బంగ్లా, బావిలో శవం, ఇంట్లోవాళ్లలో ఎవరు చంపారో చివరిదాకా తెలియదు. ఆ ముగింపు చూసి ఇంటికొచ్చాక తనకు ముద్ద దిగలేదంది.

మానస మెల్లగా ఇటు తిరిగింది.

"ఎవలు సంపిన్రు?"

"ఎల్లుండి రా, చెప్త."

అప్పటి నుంచి ఇదే వరుస. రెండున్నర గంటల సినిమా అవ్వ నోట్లో పడి నెల దాటింది. అందులో వంటమనిషి పెండ్లి వచ్చింది, ఆ పెండ్లిలో కూరలు వచ్చాయి, అలిగిన ఆడబిడ్డ వచ్చింది. భవాని ఒకనాడు బీపీ చూస్తూ, నీ కథ వల్లనే ఆ పిల్ల నాగా లేకుండ వస్తాందని అవ్వ చెవిలో చెప్పింది. ఇక చూడండి, జ్వరమున్నా చిలుకమ్మ ఆగలేదు. బస్సు పోతే ఆటో పట్టుకొని వచ్చింది. నేను పోకుంటే ఆ పిల్ల మల్ల మొండికేస్తదని కొడుకును తొందరపెట్టేది.

శ్యాంసుందర్‌కే ఓపిక అయిపోయింది. తనూ ఆ సినిమా చూశానని, అందులో పెండ్లీ లేదు ఆడబిడ్డా లేదని ఒకరోజు మొదలుపెట్టాడు.

"ఒక్క ముక్కల చెప్త ఇను. సంపింది ఆ..."

"అంకుల్, చెప్పకు!"

మానస చెయ్యి కదిలి మిషన్ కుయ్యిమని మోగింది. భవాని పరుగెత్తుకొచ్చింది. పిల్ల కండ్లలో నీళ్లు. అవ్వనే చెప్పాలె, నువ్వు చెప్తే నేను ఇగ రాను అంది. ఫోన్‌లో కొట్టినా దొరుకుతది గదా అని ఆయన గొణిగితే, అదీ వద్దంది.

ఇవాళ చిలుకమ్మ సూదులు తీసిన చోట పత్తి అదిమి పట్టుకొని లేచింది.

"ఆ కుంటి కావలివాడు తాళంచెవి ఏడ దాసిండో గూడ చెప్పకపోతివి" అని మానస గునిసింది.

అవ్వ కనుబొమలు ముడిపడ్డాయి. "కావలివాడు కుంటోడని నేనెప్పుడు చెప్పిన?"

"మొన్ననే గద. మర్చిపోయినవా?"

చెప్పే ఉంటాననుకుంది చిలుకమ్మ. చెప్పుల్లో కాళ్లు పెట్టి, మానస తల నిమిరింది. "ఎల్లుండి తప్పక రావాలె బిడ్డా. పెట్టెల ఏమున్నదో చెప్త."

"నువ్వు రాకుంటే మాత్రం ఊకోను అవ్వా."

అవ్వ నవ్వుకుంటూ బయటికి నడిచింది. ఒక్క హంతకుని కోసం ఇంత తండ్లాట ఏందమ్మా అని శ్యాంసుందర్ అడిగాడు. మానస మాత్రం ఖాళీ అయిన మంచం మీదుగా, కిటికీలోంచి, అవ్వ రోడ్డు దాటేదాకా చూస్తూ ఉండిపోయింది.

ఆ సినిమాను మానస మొదటి రోజు మొదటి ఆటకే చూసింది.